నాలుగో కణుపు

కట్టుడు పళ్ళు చేసే ఆయన ఏ వరుసలోనైనా ఒక పన్నును కావాలనే కాస్త వంకరగా కూరుస్తాడు. మరీ తిన్నగా ఉంటే, నోరు విప్పగానే అబద్ధమని తెలిసిపోతుందంటాడు. ఇంకో అలవాటు, పాట వింటూ బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టడం. ఒక ప్రోగ్రెసివ్ మెటల్ రాక్ బ్యాండంటే ఇరవై రెండేళ్ళుగా చెవి కోసుకుంటాడు. వాళ్ళు ఒకచోట తాళానికి ఏడు దెబ్బలు వేస్తే ఇంకోచోట పదకొండు వేసేవాళ్ళు. కుదురుగా నడిచే పాట ఉన్నట్టుండి అడుగు తప్పేది. ఆ తప్పిన అడుగే ఆయనకు ప్రాణం. భార్యకు మాత్రం అది రేకుల మోత. "తల పగిలిపోతోంది, ఆపండి బాబూ" అనేది.

ఆరేళ్ళు ఎదురుచూసిన కొత్త ఆల్బమ్ ఇవాళ పొద్దున వచ్చింది. పని గదిలో స్పీకర్ పెట్టుకుని విన్నాడు. బొటనవేలు నాలుగో కణుపు దగ్గర ఆగి ఐదో దెబ్బ కోసం చూసింది. రాలేదు. మళ్ళీ ఒకటి, రెండు, మూడు, నాలుగు. తొమ్మిది పాటలూ అంతే, గీత గీసి కూర్చిన పళ్ళలా.

"సిగ్గులేని వెధవలు" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

అంతలో భార్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆమె పాదం తాళం వేస్తోంది. "ఎంత హాయిగా ఉందండీ! ఇన్నాళ్ళూ ఇలాంటివి పెట్టొచ్చుగా. ఎవరు వీళ్ళు?"

"ఎవరో కొత్తవాళ్ళు. నాకు తెలీదు" అని, బల్ల మీది కట్టుడు పళ్ళ వరుసలో, మైనంలో వంకరగా నిలబెట్టిన పన్నును వేలితో నొక్కి తిన్నగా చేసేశాడు.