పిక్రియా కాగు

కాఖేతీ అనే ద్రాక్షసీమలో మగపిల్లాడు పుడితే ఆ ఏటి వైను ఒక కాగు నిండా పోసి, మూత పెట్టి, పైన మట్టి కప్పి, వాడి పెళ్ళిదాకా ముట్టుకోరు. షక్రో ఆ పని ఆడపిల్లకి చేశాడు. కూతురు పిక్రియా పుట్టిన ఏడు కోసిన ద్రాక్ష పులిసి తేరాక, కొట్టంలో నేలలో పాతిన కాగుల్లోకెల్లా మంచిదాన్ని ఎంచి నింపి మూసేశాడు. ఊరంతా నవ్వింది.

"ఆడపిల్లకి కాగేంటి బావా? అత్తారింటికి తవ్వుకుపోతుందా?" అన్నాడు పక్కతోట ఎల్గుజా.

"నీ కొడుకు పెళ్ళికి నువ్వెలాగూ నీళ్ళు కలుపుతావు. నా కూతురి పెళ్ళికొచ్చి అసలుది తాగి పో."

షక్రో మనిషి చెడ్డవాడు కాడు. ఇంటి వెనక నాలుగు అక్రోటు చెట్లూ, కాసిని బేరి చెట్లూ, వాలు మీద ద్రాక్షతోటా, భార్య నూనూ, ఈ ఒక్క కూతురూ. ఎవరు ఏ పనిముట్టు అడిగినా లేదనడు. కాకపోతే ముక్కుమీద కోపం. ఎల్గుజా గాడిద ఓ తీగ తొక్కిందని రెండేళ్ళు అతనితో మాట్లాడలేదంటే చూసుకోండి!

ప్రతి కోతలోనూ పిక్రియా ఆ మట్టి మీద కాలు పెట్టి, "ఇది నాదేగా నాన్నా?" అనేది.

"నీదే తల్లీ. దేవుడొచ్చి అడిగినా తియ్యను."

ఆ పిల్ల తెలావీ పట్నంలో చదువుకుంటూ మాల్ఖాజ్ అనే కుర్రాణ్ణి ఇష్టపడింది. పడమటి వాడు, ఇమెరేతీ వాడు. కోతల్లో సాయానికొచ్చి ఒళ్ళు దాచుకోకుండా బుట్టలు మోశాడు. నూనూకి తెగ నచ్చాడు. షక్రోకీ నచ్చాడు, అబద్ధమెందుకు. మధ్యాహ్నం బేరి చెట్ల కింద అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు తన చేత్తోనే వాడికి వైను పోశాడు. ఇక్కడి వైను తొక్కా తొడిమా అన్నిటితో నెలల తరబడి ఊరుతుంది, గొంతు పట్టేస్తుంది. వాళ్ళ వైపు పిడికెడు పిప్పి వేస్తే గొప్ప.

మాల్ఖాజ్ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, "మావా, ఇది తాగాలా, నమలాలా?" అన్నాడు.

బల్ల బల్లంతా పగలబడి నవ్వింది. పిక్రియా కూడా నవ్వింది. అదే గుచ్చుకుంది షక్రోకి.

"మీ ఊళ్ళో ద్రాక్షపండు చూపించిన నీళ్ళు తాగుతారు కదా, నీకెక్కడ దిగుతుంది? లే! నా కూతుర్ని నీళ్ళు తాగేవాళ్ళ కొంపకి పంపను."

"ఏదో పరాచికమాడాను మావా, తప్పయింది."

"మావ ఎవడ్రా నీకు!"

అంతే. ఓ హాస్యానికి అంత రాద్ధాంతమా? నూనూ గిల్లింది, ఎల్గుజా బతిమాలాడు. వింటేనా! కోత ముగిసేలోపే పిక్రియా వాడితో వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే షక్రో పార పట్టుకుని కొట్టంలోకి నడిచాడు. నూనూ పరుగున వచ్చి ఆ మట్టి మీద కూర్చుండిపోయింది. "దానిదయ్యా అది! నీది కాదు!" అని ఏడ్చింది. ఆమె చెయ్యి పట్టి పక్కకి లాగేసి మూత తీశాడు. "రండ్రా, తాగండి! ఎవరి పెళ్ళీ లేదిక్కడ!" అని ఊరంతటినీ కేకేశాడు. జనం మొహమాటపడుతూనే వచ్చారు, వచ్చాక మొహమాటం మానేశారు. అతను అందరికంటే ఎక్కువ తాగాడు. మూడు సాయంత్రాల్లో కాగు అడుగు కనపడింది.

నాలుగో రోజు కబురొచ్చింది. పిక్రియా పంపింది. "రిజిస్ట్రారాఫీసులో సంతకాలు చేశాం. విందు మాత్రం చేసుకోను. నా కాగు తెరిచిన రోజే నా పెళ్ళి. నాన్న పిలిస్తే వస్తాను."

కోపాన కోసిన ముక్కు శాంతాన అంటుతుందా? షక్రో ఖాళీ కాగుని చక్కగా కడిగాడు, మూత పెట్టాడు, ఎప్పట్లాగే మట్టి కప్పాడు. ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు? ఆ నోళ్ళే కదా తాగింది.

అతని కోపం ఆ చలికాలంలోనే చల్లారింది. కూతురు కావాలనిపించింది. కాని పిలిస్తే వస్తుంది, వస్తే కాగు తియ్యమంటుంది. అందుకని పిలవలేదు. నాన్నకింకా పంతం తగ్గలేదని ఆ పిల్ల అక్కడ కుమిలిపోయింది. పంతం కాదమ్మా, సిగ్గు అని చెప్పే దిక్కు లేదు. అలా ఏళ్ళకేళ్ళు దొర్లిపోయాయి.

ఈ ఏడు కోతల నడుమ మొగుణ్ణి వెంటేసుకుని తనే దిగింది.

"నువ్వు పిలవవని అర్థమైంది నాన్నా. నాకిక ఓపిక లేదు, వచ్చేశా. కోత అయ్యాక నా కాగు తియ్యి, విందు చేసుకుందాం" అంది. గుత్తులు కోసే కత్తి తీసుకుని తోటలోకి నడిచింది. మాల్ఖాజ్ తల వంచుకుని బుట్ట ఎత్తుకున్నాడు.

నూనూ మిఠాయికని అక్రోటు దండల్ని ద్రాక్షపాకంలో ముంచుతూ గుసగుసగా అంది. "ఇంకో కాగులోది తోడి అందులో పోసెయ్యి. ఎవరు చెప్తారు?"

"దాని పెళ్ళిలో కూడా మోసమేనా నూనూ?"

"మరి ఇన్నేళ్ళూ చేసిందేంటి?" అంది ఆమె.

కోత చివరి రోజున పిక్రియా కొట్టంలోకి వచ్చి, తనే పార ఎత్తింది. షక్రో ఆ పార పట్టుకున్నాడు.

"తవ్వకు తల్లీ. అందులో ఏం లేదు."

"ఏం లేదంటే?"

"నువ్వెళ్ళిన రోజే తీసేశాను. కోపంతో. ఊరంతా తాగాం."

పిక్రియా తల్లి వంక చూసింది. నూనూ కళ్ళు దించుకుంది. పిల్ల ఆ మట్టి మీదే కూలబడింది.

"అయితే నువ్వు నన్ను పిలవంది..."

"మొహం చెల్లక తల్లీ. కోపం ఎప్పుడో పోయింది."

"అందుకా! ఇన్నేళ్ళూ అందుకా నాన్నా?" అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, తండ్రి మొహంలోకి చూసింది.

"పోనీ, ఎలా ఉంది? అదైనా చెప్పు. నా వైను ఎలా ఉంది?"

షక్రో నోరు తెరిచాడు. రంగు తలుచుకోబోయాడు, వాసన తలుచుకోబోయాడు. ఆ మూడు సాయంత్రాలూ తను వేసిన కేకలు తప్ప ఏమీ తట్టలేదు.

"గుర్తులేదమ్మా" అన్నాడు.