తెచ్చినోళ్లదే జవాబు

ముంబై దగ్గరి భివండీలో, నార్పోలి పేటలో మన తెలుగువాళ్లు బోర్డులు చదివి పనికి పోరు. అక్కడ చేసి వచ్చినవాళ్లను అడిగి పోతారు. ఎవరినైనా పనిలో పెట్టిస్తే వాళ్ల మంచిచెడ్డలకు పెట్టించినవాళ్లే పూచీ. "తెచ్చినోళ్లదే జవాబు" అంటారు. మగ్గాల షెడ్డుల్లో పుట్టిన ఈ కట్టుబాటు ఇప్పుడు ఊరవతల మాన్కోలి గోదాముల దాకా పాకింది. దానికి కట్టుబడి మా గల్లీ మేరి ఉద్యోగమే పోగొట్టుకుంది.

మేరిది జగిత్యాల వైపు. ఇరవై ఏళ్లు కండెలు చుట్టింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాక మాన్కోలిలో ఒక గోదాములో ప్యాకింగ్ పనికి కుదిరింది. ఆదివారం చర్చి మానదు, అబద్ధమాడదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. నాలుగేళ్లలో ఆమె మాట మీద పాతికమంది ఆడవాళ్లు అక్కడ చేరారు.

మొన్న పండగల సీజన్‌కు కంపెనీకి ఇంకో నలభై మంది కావలసి వచ్చింది. పనివాళ్లను చేర్చే బాధ్యత భూషణ్‌ది. ఇక్కడే శాంతి నగర్‌లో పుట్టిన మన పిల్లవాడే, కానీ మరాఠీ బడిలో చదివాడు. జనానికి కంపెనీ మీద నమ్మకం కుదరాలని నార్పోలి నాకా కూడలిలో పెద్ద బ్యానర్ కట్టించాడు. నమ్మకం గుడ్డతో వచ్చేదైతే భివండీలో గుడ్డకు కొదవా? మరాఠీలో 'ఘర్‌చంచ్ కామ్' అంటే పరాయిది కాదు, మనదే అన్నట్టు. భూషణ్ దాన్ని మాటకు మాట తెలుగులో పెట్టాడు: 'మీ ఇంటి పనే అనుకోండి.' ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. జీతం లేని చాకిరీ ఇంట్లో ఉన్నది చాలక ఆటో ఎక్కి మాన్కోలి పోవాలా అన్నారు. ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు భూషణ్‌కు మేరి గుర్తొచ్చింది. ఫోన్ ముందు రెండు మంచి మాటలు చెబితే ఆ వీడియో తెలుగు గ్రూపులన్నిటికీ పంపుతానన్నాడు, ఆమెను సూపర్‌వైజర్‌ను చేస్తానన్నాడు. రోజంతా నిలబడి మేరి మోకాళ్లు అరిగిపోయాయి. సూపర్‌వైజర్‌కైతే కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ మీద ఆమెకు ఆశ లేదంటే నేను నమ్మను.

అయితే ఆ గోదాములో ఆడవాళ్ల మరుగుదొడ్డి నిండా అట్టపెట్టెలు కుక్కి తాళం వేసి ఆర్నెల్లయింది. అడిగితే నేడు, రేపు అంటున్నారు. మేరి చేర్పించిన పూనం పొద్దంతా గుక్కెడు నీళ్లు తాగకుండా పనిచేసి, మూత్రంలో మంటతో, జ్వరంతో మంచం పట్టింది. తీసుకుపోయింది నువ్వే కదా అని పూనం అత్త నిలదీస్తే మేరి తల ఎత్తలేకపోయింది. ఆ సిగ్గు ఆమెను కాలుస్తూనే ఉంది.

వీడియో రోజు భూషణ్ ఫోన్ పట్టుకున్నాడు. ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. మేరి తన పేరు చెప్పింది, ఊరు చెప్పింది. తర్వాత నడుచుకుంటూ పోయి ఆ తాళం పక్కన నిలబడింది.

"దీని తాళం తీసేదాంక ఎవ్వలు రాకుండ్రి. నా ముఖం చూసి అసలే రాకుండ్రి."

భూషణ్ ఫోన్ దించేశాడు. "కంపెనీ ఇజ్జత్ పోతది అక్కా. నీ నోక్రీ భీ పోతది."

"కంపెనీ ఇజ్జత్ గీ తలుపు ఎన్కనే ఉన్నది తమ్మీ. తీసి చూడు."

మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు. వీడియో చెరిపేశారు గానీ పాతికమంది నోళ్లు ఎవరు చెరుపుతారు? నలభై మంది కాదు కదా, నలుగురు కూడా చేరలేదు. మూడో వారం భూషణ్ మేరి ఇంటికి వచ్చి, తాళం తీశామని, నీళ్ల కనెక్షన్ కూడా ఇచ్చామని, వచ్చి నలుగురికీ చెప్పమని బతిమాలాడు.

"నన్నడుగుడు కాదు. పూనంను మాఫీ అడుగు. ఆమె పనికొస్తనంటె గప్పుడు నేనొస్త," అంది మేరి.

ఏసీ గదిలో కూర్చునే భూషణ్ చెప్పులు విడిచి పూనం తలుపు తట్టాడు. మేరి అతని వెనకే నిలబడింది. అతను మాటలకు తడుముకుంటుంటే ఒక్క ముక్క కూడా అందించలేదు.