మా అత్త నోట మామ పేరు

మొన్న మా ఇంట్ల ఏం జరిగిందో చెప్త. మీరు నవ్వుండ్రి గని, మా అత్త ముందర మాత్రం నవ్వకుండ్రి. తప్పంత నాదే. నలభై రెండేండ్ల సంది ఆమె కాపాడుకొస్తున్న పట్టింపును, నలభై మంది వింటుండంగ పోగొట్టిన.

మాది అమరచింత. మా మామ పేరు తిమ్మప్ప. పెండ్లయిన సంది ఆ పేరు మా అత్త ఒక్కసారి పలుకలే. పలికితే మొగని ఆయుష్షు తగ్గుతదంట. మేం మొక్కే మల్దకల్ దేవుని పేరూ తిమ్మప్పనే, అందుకని మొక్కాలన్నా "మల్దకల్ సామీ" అంటది గని తిమ్మప్ప అనదు. రేషన్ షాపుల మొగని పేరడిగితే పక్కోళ్ల దిక్కు చూస్తది, వాళ్లే చెప్తరు. నేనేమో బీఎస్సీ బీఎడ్, వనపర్తిల ఒక ప్రైవేటు బడిల సైన్సు చెప్త. "పేరుకు, ఆయుష్షుకు ఏం సంబంధం అత్తా?" అని ఎన్నిసార్లు అడిగిన్నో. "నీ సైన్సు నీ బడిల చెప్పుకోపో" అంటది.

ఈమధ్యనే ఆమెకు కొత్త ఫోన్ కొనిచ్చినం. చదువు రాదు కదా, అందుకని స్క్రీన్ మీద నా ఫొటో, మా ఆయన ఫొటో పెట్టిన. నొక్కితే ఫోన్ పోతది. మామ ఎప్పుడూ ఇంట్లనే ఉంటడు కదా అని ఆయన ఫొటో పెట్టలే. మిగిలినోళ్లకు మైకు బొమ్మ నొక్కి పేరు చెప్తే అదే కలుపుతదని నేర్పిన. బిడ్డ పేరు చెప్పింది, కలిసింది. ఆ రోజంత ఆమెను పట్టనీకి రాలే. వాట్సాప్‌ల కూడ గసుంటి మైకు బొమ్మనే ఉంటది, దాన్ని ఒత్తిపట్టి మాట్లాడితే ఫోన్ కలువదు, మాటలు రికార్డయి పోతయని మాత్రం చెప్పలే. గదీ నా టీచర్‌గిరి.

మంగళారం మామకు గద్వాల దవాఖానల కంటి ఆపరేషన్. రెండు కండ్లకు పొరలు వచ్చి, మా పాప ఎదురుంగ నిలబడ్డా ఎవరని అడుగుతుండె. బీపీ ఎక్కువుంటే ఆపరేషన్ చెయ్యమని డాక్టర్ గట్టిగ చెప్పిండు. పోయినసారి గట్లనే తిప్పి పంపిండ్రు. మా ఆయన లారీ నడుపుతడు, లోడ్ దించి అటునుంచి అటే దవాఖానకు వస్తనన్నడు. మామ పొద్దుగాల బస్సెక్కిండు. నేను బడికి పోతపోత, పాప డాన్సు వీడియో మా చుట్టాల వాట్సాప్ గ్రూపుల పెట్టి, అత్త ఫోన్ల తెరిచి చూపించి, గట్లనే ఆమె చేతుల పెట్టి ఉరికిన.

తర్వాత అత్త ఇల్లు ఊడుస్తుంటే గూట్ల కనబడ్డయంట, మామ బీపీ గోలీలు. చీపురు గక్కడ్నే పడేసి ఫోన్ తీసింది. నా ఫొటో నొక్కింది. నా ఫోన్ సైలెంట్ల ఉండె. కొడుకు ఫొటో నొక్కింది. ఆయన బండి నడుపుతున్నడు, ఎత్తలే. పక్కింటోళ్లు పత్తి ఏరనీకి పోయిండ్రు. ఇగ మిగిలింది మైకు. వాట్సాప్ తెరిస్తే మా చుట్టాల గ్రూపే ఉన్నది, కింద మైకు బొమ్మ. దాన్నే ఒత్తిపట్టింది.

ఇంటర్వెల్‌ల చూస్తే గ్రూపుల మా అత్తవి ఆరు వాయిస్ మెసేజ్‌లు. స్టాఫ్‌రూంల కూసోని విన్న.

మొదటిదాంట్ల ఒట్టి ఊపిరి. రెండోది, "ఫోనూ, మా శేఖర్ వాళ్ల నాయినకు కలుపు." మూడోది, "నిన్న నా బిడ్డకు కలిపినవ్ కద, ఈయనకు కలుపనీకి ఏం రోగం నీకు?" నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్న.

నాలుగోదాంట్ల సన్నగ, "మల్దకల్ సామీ, నేను అంటలేను, ఫోనుకు చెప్తున్న. తగ్గితే నా ఆయుష్షు తగ్గించు, ఆయనది ముట్టకు." నా నవ్వు ఆగిపోయింది. ఐదోది, గుసగుస, "తిమ్మప్ప." ఆరోది, చేన్ల గొడ్లను అదిలించినట్టు, "ఓ తిమ్మప్పా! గోలీలు గూట్లనే మర్చిపోతివి. పేరు గూడ చెప్తి, ఇంకేం చెయ్యాల్నయ్యా నేను?" అని ఏడుపు. నాకూ ఏడుపొచ్చింది.

కింద వడ్డేపల్లి నుంచి ఆమె చెల్లె మెసేజ్: "అక్కా, బావకేమైంది? పేరు పెట్టి ఏడుస్తున్నవేంది?"

ఉరుకుల పరుగుల మామకు ఫోన్ చేసిన.

"విన్న బిడ్డా. బస్సంత విన్నది," అన్నడు మామ. "జూరాల దాటుతుంటే గ్రూపుల వచ్చినయ్, పక్కసీటాయనతోని స్పీకర్ల పెట్టించిన. కండక్టర్ గూడ టికెట్లు కొట్టుడు ఆపి విన్నడు."

"మరి గోలీ మామా?"

"డాక్టర్ చిట్టీ సంచిలనే ఉన్నది. దిగంగనే మెడికల్ షాపుల కొని ఏసుకున్న." మల్ల మెల్లగ అన్నడు, "బిడ్డా, గ్రూపుల ఆమె మాటలు తుడువకు. నా పేరు ఆమె నోట గిట్లుంటదని ఇయ్యాల్నే తెలిసింది."

ఆపరేషన్ మంచిగయ్యింది. తెల్లారి మా ఆయన నాయినను ఇంటికాడ దింపి మల్ల లారీ మీద పోయిండు. మామ నల్లద్దాలు పెట్టుకొని అరుగు మీద కూసున్నడు. అత్త వంటింట్లకెల్లి బయటికొస్తలేదు. మంగళారం సంది ఒక్కపొద్దు ఉంటున్నది, మామ ఆయుష్షు కోసం.

"ఏమే, తగ్గిందో పెరిగిందో వచ్చి చూడరాదు," అన్నడు మామ.

"నోరు మూసుకో. శనివారం మల్దకల్ పోయి సామికి తప్పు ఒప్పుకుంట."

"నేనూ వస్త."

చివరికి చెంబుల నీళ్లు పట్టుకొని వచ్చి, ఎదురుంగ నిలబడి, భయంభయంగ అడిగింది. "కనబడుతున్ననా?"

మామ అద్దాలు జర ఎత్తి చూసిండు. "కనబడుతున్నవ్. మంచిగనే ఉన్నవ్, జర ముసలైనవ్ అంతే."

అత్త మొఖం తిప్పుకొని కండ్లు తుడుచుకున్నది. గక్కడ నేను సప్పుడు చెయ్యకుంట ఉంటే అయిపోతుండె. ఉండబుద్ధి గాలే. "చూసినవా అత్తా, పేరు పలికితే ఏమైంది? అంత మూఢనమ్మకం," అని క్లాసు మొదలుపెట్టిన.

"అట్లనా? నీ ఫోన్ల నీ మొగని పేరు చెప్పు, కలుస్తదేమో చూస్త," అన్నది అత్త.

గదెంత పని అని మైకు నొక్కి, గట్టిగ, "శేఖర్‌కు ఫోన్ చెయ్యి" అన్న. ఆ పేరుతో ఎవరూ లేరన్నది ఫోన్. మల్ల అన్న. మల్ల గదే మాట. అప్పుడు యాదికొచ్చింది. నా ఫోన్ల ఆయన "పాప డాడీ."

రెండు రోజుల సంది నవ్వని మా అత్త, అరుగు మీద కూలబడి కడుపు పట్టుకొని నవ్వింది. ఆమె భయపడి పేరు దాచింది, బీఎస్సీ బీఎడ్ చేసిన నేను ఏ భయం లేకుండనే మొగని పేరు మర్చిపోయిన.