శామ్యూల్ చేసిన రేకు కవచాలు

పాత సామాన్ల బండి మీద నూనె డబ్బా రేకు చూడగానే చిన్నప్పుడు మేమున్న మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ గుర్తొచ్చాయి. మీరూ ఆటల్లో అలాంటి రేకు కవచాలు తొడుక్కునే ఉంటారు. మా ఐదుగురు సూపర్ హీరోలకు వాటిని చేసింది శామ్యూల్. తనకూ ఒకటి కావాలంటే, "నువ్వు సైంటిస్టువిరా, నీకెందుకు?" అన్నాం.

పక్క లైన్ క్వార్టర్స్ పిల్లలతో యుద్ధం రోజున అతను కనబడలేదు. "పొద్దుగాల పోయిండు, మీతోనే ఉన్నడనుకున్న" అంది వాళ్లమ్మ. వాటర్ ట్యాంకు వెనక వెతుకుతుండగానే శత్రువులు కర్రలతో చుట్టుముట్టారు. వాళ్ల ముందు శామ్యూల్, ఒంటి నిండా కొత్త రేకు.

"గద్దారీ చేస్తవారా?" అన్నాను.

"వీళ్లు నన్ను సుత తొడుక్కోమన్నరు."

అతను ఎవరినీ కొట్టలేదు. మా వెనక్కి వచ్చి, మా కవచాలకు తాను వేసిన తీగ ముడులన్నీ విప్పాడు. మేం బనియన్లతో మిగిలాం. కర్రలు అప్పుడు లేచాయి.