నవలలో నేను కలిపిన ముక్క

ఏడో తరగతి పాసయిన ఎండాకాలం మా పంతులుగారు నాకొక లావుపాటి నవల ఇచ్చారు. పెళ్ళయ్యాక నాలుగు గోడల మధ్య మగ్గిపోయిన ఒక ఇల్లాలి కథ. మా ఊళ్ళో ఆ పైన బడి లేదు, పాలమూరు హాస్టల్లో చేరాలి. "ఆడపిల్లకు గంత సదువెందుకు?" అని బాపు తేల్చేశాడు. నేను అన్నం మానేశాను. పొద్దున ఒక్క పూటే లెండి, మధ్యాహ్నం అవ్వ జొన్న గటుక పెడితే గిన్నె నాకి మరీ తిన్నాను. ఉపవాసాలు నా వల్ల కావు.

మాది గొర్లు కాసే ఇల్లు. మధ్యాహ్నం పూట బాపు మందను ఇంటి పక్క నీడకు తోలి వచ్చి అరుగు దగ్గరే కునుకు తీసేవాడు. ఆయన తల్లి, మా అవ్వ, అరుగు మీద ఉన్ని వడికేది. నేను నవల పైకి చదివేదాన్ని. అది కల్పన అని ఎంత చెప్పినా అవ్వకు ఎక్కలేదు. ఆ ఇల్లాలి అత్త మీద మొదటిరోజే పగబట్టింది.

"గా ముసల్దానిది ఏ ఊరే?"

"ఊరు రాయలేదవ్వా."

"రాస్తే ఎవలన్న పోయి అడుగుతరని రాయలే!"

ఇల్లాలు ఏడ్చినప్పుడల్లా అవ్వ కదురు ఆపి తిట్టేది. ఆమె ఏడవని పేజీ లేదు, అందుకే ఆ వేసవిలో మా ఇంట ఒక్క గొంగడి కూడా తయారుకాలేదు.

అవ్వ కోపం చూసి నాకు దుర్బుద్ధి పుట్టింది. పేజీ తిప్పి, అందులో లేనిది చదివాను. "ఆమెను తండ్రి ఏడో తరగతితోనే బడి మాన్పించాడు. అందుకే ఈ గతి పట్టింది." గొంతు కూడా కొంచెం వణికించాను. అవ్వ లేచి బాపును కదురుతో పొడిచింది.

"వింటున్నవారా? నీ అసువంటోడే!"

బాపు కళ్ళు తెరవలేదు. "గా ముక్క మల్ల సదువు బిడ్డా."

చదివాను. ఈసారి ఊపులో, తండ్రి బడి మాన్పించి మేకలు కాయమన్నాడని కూడా చదివాను.

"ఇందాక మేకలు లేకుండె," అన్నాడు బాపు.

ఆయనకు అక్షరం రాదన్న ధైర్యంతోనే ఇదంతా చేశాను. కానీ ఒగ్గు కథ చెప్పేవాడు వరుస తప్పితే జనంలోంచి లేచి అందించే మనిషి ఆయన. ఒకసారి చెవిన పడ్డది పొల్లుపోదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉన్నదున్నట్టు సదువు."

ఉన్నది నాకే ఎదురు తిరిగింది. నవలలో ఆమెను తండ్రి ముద్దుగా చదివించాడు, ఇంటికి పంతులమ్మను పిలిపించి మరీ. అయినా పెళ్ళయ్యాక వంటింట్లోనే పడేశారు.

"సూసినవా అమ్మా? సదివినా గదే గతి," అవ్వతో అన్నాడు బాపు లేచి రుమాలు చుట్టుకుంటూ. నా పాలమూరు అక్కడితో సరి అనుకున్నాను. దొంగ ఏడుపు కాదు, నిజం ఏడుపే వచ్చింది.

అవ్వ ఇంకేదో ఆలోచిస్తోంది. "ఆమె ఏడుపు మనదాంక ఎట్లొచ్చెనే?" అని నన్ను అడిగింది.

"ఎవరో రాస్తే వచ్చిందవ్వా."

అవ్వ బాపు వైపు తిరిగింది. "నేను ఎనిమిదేండ్లకు గీ ఇంటికొచ్చిన. మీ నాయిన కొడ్తే దొడ్లె గొర్లతోటి పండుకున్న దినాలున్నయి. గవి గొర్లకే ఎరుక. కన్నకొడుకువు, నీకే తెల్వదు. నాది ఎవలు రాసిండ్రు?"

బాపుకు నిజంగానే తెలియదు. అరుగు మీద కూలబడ్డాడు. మంద లేచి అరుస్తున్నా కదలలేదు. నన్ను దగ్గరికి పిలిచి అడిగాడు.

"పాలమూరు బస్సు పొద్దుగాల ఎన్నింటికే?"