గానుగ దగ్గర ఆరుగురు

ఇవాళ పొద్దున్న రైలుకట్ట అవతలి నుంచి మాడిన పాకం వాసన వచ్చింది. ఎవరో చేయి తిరగనివాడు పెనం దింపడం ఆలస్యం చేసి ఉంటాడు. అనకాపల్లిలో పుట్టినవాళ్లం బెల్లం వాసనను పట్టించుకోం. మాడిన వాసన వస్తే మాత్రం ఆ పూట నాకు అన్నం సయించదు. మా హెడ్ గుమాస్తా జగన్నాథం గారు గుర్తుకొస్తారు, ఆయనకు నేను చేసిన ద్రోహం గుర్తుకొస్తుంది.

అవి యుద్ధం రోజులు. బియ్యం లేదు, కిరసనాయిలు లేదు, చుట్టుపక్కల ఊళ్లలో దొంగతనాలు పెరిగాయి. నేను ఒక సర్కారు కచేరీలో టైపిస్టుని. ఉద్యోగం కొత్త, పెళ్లి కొత్త. పని నేర్పింది జగన్నాథం గారే. ఆయనదొక పద్ధతి. ఏ ఆర్డరైనా టైపు కొట్టేముందు నా చేత పైకి చదివించేవారు. చదివాక, "ఇది ఎవరింటికి పోతుందోయ్?" అని అడిగేవారు. ఫలానా ఊళ్లో ఫలానా పని చేసుకునే మనిషికి దీనివల్ల ఏమవుతుందో చెప్పేదాకా మిషను ముట్టుకోనిచ్చేవారు కాదు. ముసలాయనకు చాదస్తమని వెనకాల మేమంతా నవ్వుకునేవాళ్లం. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి.

ఆ చెరుకు కాలంలో ఒక ఆర్డరు చిత్తు వచ్చింది. దీపాలు పెట్టిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా నలుగురికి మించి ఒకచోట ఉండకూడదు. ఉంటే పట్టుకోవచ్చు, పట్టుకున్నవాణ్ణి విచారణ లేకుండా ఎన్నాళ్లయినా ఉంచవచ్చు. దొంగలకిదే మందని నాకు సంబరమేసింది. ఆ మాటే ఆయనతో అన్నాను.

"దొంగ నలుగురైదుగురిని వెంటేసుకుని వస్తాడా? ఒక్కడే వస్తాడు," అన్నారాయన. "సరే, గానుగ దగ్గర ఎంతమంది ఉంటారో చెప్పు."

నేను లెక్కపెట్టాను. ఎడ్లను తోలేవాడు, గడలు పెట్టేవాడు, పిప్పి తీసేవాడు, పొయ్యి ఎగదోసేవాడు, మడ్డి తీసేవాడు, పాకం చూసేవాడు. ఆరుగురు. కొట్టిన చెరుకు నిలవుంటే పులిసిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో రాత్రీ పగలూ గానుగాడేది.

"ఊరికి కాపలా కూడా వాళ్లేనోయ్. గానుగ మెలకువగా ఉన్న ఊళ్లో దొంగ అడుగుపెట్టడు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటున్నాం."

గానుగ పనివాళ్లకు ఇది వర్తించదని చిత్తు చివర ఒక వాక్యం రాశారు. ఆఫీసరు దాన్ని కొట్టేశాడు. దేశం ఆపదలో ఉంటే బెల్లం గొడవేమిటన్నాడు. ఆ వాక్యం లేకుండానే నేను శుభ్రంగా టైపు కొట్టాను.

పది రోజులు తిరక్కుండానే పాకం చూసే గవరయ్యను, అతనితో ఉన్న ఐదుగురినీ తీసుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం గవరయ్య భార్య కచేరీ మెట్ల మీదికొచ్చింది. జగన్నాథం గారు లేచి తన కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

"రసం మరుగుతుంటే మనిసి ఇంటికెలా ఎల్తాడు బాబూ? పెనం దింపి వత్తానన్నాడంట. ఇనలేదు. పాకమంతా మాడిపోనాది. నా మొగుడు సేసిన నేరం ఏటి?"

"నేరం లేదమ్మా," అన్నారాయన.

"మరెప్పుడొదుల్తారు?"

ఆయన నావైపు చూశారు. నేను తల వంచుకుని కార్బను కాగితాలు సర్దుకున్నాను.

భయపడి ఒక్కో ఊరే గానుగలు ఆపేసింది. చెరుకు పులిసింది. కాపలా పోయిన కళ్లాల్లో, వాకిళ్లలో దొంగలు పట్టపగటి ధైర్యంతో తిరిగారు, ఫిర్యాదులు మునుపటికంటే ఎక్కువయ్యాయి. జగన్నాథం గారు ఆ ఫిర్యాదులన్నీ జతచేసి, ఈ ఆర్డరు వల్ల నేరం తగ్గలేదు, నేరం లేనివాళ్లు లోపలున్నారు, వదిలేయండని నోటు రాసి సంతకం పెట్టారు. అటువంటి నోటు అప్పట్లో ఎవరూ రాసేవారు కాదు.

మూడో రోజు ఆఫీసరు నన్ను పిలిచాడు. జగన్నాథం గారు సర్కారు కాగితాలు బయటివాళ్లకు చూపిస్తున్నారని ఒక వాంగ్మూలం అప్పటికే రాసి ఉంది. సంతకం పెట్టమన్నాడు. అది అబద్ధమని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు. "నువ్వు కూడా ఆయన మనిషివేనా?" అని మాత్రం అడిగాడు. నేను సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే జగన్నాథం గారిని ఉద్యోగంలోంచి తీసేశారు. గొడుగు, మరచెంబు తీసుకుని, అందరికీ చెప్పినట్టే నాకూ వెళ్లొస్తానని చెప్పి వెళ్లారు. గవరయ్య మరుసటి చెరుకు కాలానికి గాని ఇంటికి రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. కచేరీ ముందు జెండా ఎగరేశాం, మిఠాయి పంచాం. ఏడాది తిరిగేసరికి మన ఆఫీసరే, మన మనిషే, ఊళ్లలో అలజడి ఉందని పాత ఫైలు తెమ్మన్నాడు. పైన సర్కారు పేరు మారింది, కింద ఆర్డరు అదే. హెడ్ గుమాస్తా కుర్చీలో అప్పటికి నేనున్నాను. మారు మాట్లాడకుండా ఇచ్చాను.

ఆ తర్వాత ఒకసారి బజార్లో జగన్నాథం గారు ఎదురయ్యారు. జనానికి అర్జీలు రాసిపెట్టి బతుకుతున్నారు, బాగా చిక్కిపోయారు. "పిల్లలు బాగున్నారా?" అని అడిగారు. బాగున్నారన్నాను. ఇంకేమీ అడగలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి.

ఇప్పటికీ కాఫీ హోటల్లో ఎవరో ఒకరు, ఈ హక్కులన్నీ నాలుగేళ్లు పక్కన పెడితే దేశం దారిలో పడుతుందంటారు. మిగతావాళ్లు తలూపుతారు. నేను కాఫీ వదిలేసి లేచి వచ్చేస్తాను. వాళ్లతో వాదించే యోగ్యత నాకు లేదు. ఆ ఆర్డరుకు ఒక్క దొంగైనా భయపడ్డాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నేను భయపడ్డాను.