గుడ్డు పగలని రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో, నాన్న గుమ్మంలోకి రాగానే ఎదురు పరిగెత్తే అలవాటు పిల్లలెవరికీ లేదు. వీధి చివర పోస్టుమాస్టరుగారి పిల్లలు వాళ్ళ నాన్న సైకిలు దిగకముందే ఆయన మెడకు వేలాడేవాళ్ళు. అది చూసి నాకు కడుపు మండిపోయేది. మా నాన్న పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. జీపు దిగి, మా వైపు తలతిప్పకుండా, నేరుగా వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. లోపల తోలు ఒర బొత్తాం ఊడిన చప్పుడు, తూటాలు ఇత్తడి పళ్ళెంలోకి రాలిన చప్పుడు, ట్రంకుపెట్టెకు తాళం పడిన చప్పుడు వినిపించేవి. అవన్నీ అయ్యాకే "పిల్లలూ, ఇక రండి" అని పిలిచేవాడు. అప్పటికి మాకు వెళ్ళాలన్న సరదా సగం చచ్చిపోయేది.

ఒకరోజు నాకు మొండితనం పుట్టింది. బళ్ళో పాటల పోటీలో స్టీలు గ్లాసు గెలుచుకొచ్చాను, అది వెంటనే చూపించాలి. నాన్న జీపు దిగి నడుస్తుంటే వెనకనుంచి వెళ్ళి నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా కావలించుకున్నాను. నా చెయ్యి తోలు ఒర మీద పడింది. నాన్న తిట్టలేదు, కొట్టలేదు. కదలకుండా నిలబడి, నా వేళ్ళు ఒక్కొక్కటే నెమ్మదిగా విడదీశాడు. తరవాత గదిలోకి వెళ్ళి తన పనంతా ముగించుకుని వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. అంత పెద్ద మనిషి నన్ను చూసి ఎందుకు భయపడ్డాడో నాకు అర్థం కాలేదు, గ్లాసు సంగతి కూడా చెప్పలేకపోయాను.

మర్నాడు ఆదివారం. నాన్న గంప కింద కోడి పెట్టిన గుడ్డు తెచ్చి, నా పావడా బొందు దగ్గర దోపి, సాయంత్రం దాకా దీన్ని ఇలాగే ఉంచుకుని పగలకుండా తెచ్చిస్తే కొత్త రిబ్బన్లు కొనిపెడతానన్నాడు. ఇంతేనా అనుకున్నాను. పొద్దున్నంతా కొత్త కోడలిలా అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగాను. వంగితే ఒక చెయ్యి నడుము మీదే ఉండేది. మధ్యాహ్నం పక్కింటి పిల్లతో అచ్చంగాయలు ఆడుతుంటే అది తొండి చేసింది. తగవుకి దిగాను. గబుక్కున లేచాను. అంతే, పావడా అంతా సొన. ఏడుస్తూ ఇంటికి వస్తే నాన్న నవ్వలేదు. గుడ్డు గుర్తున్నంతసేపు బాగానే ఉంది కదమ్మా అని మాత్రం అన్నాడు.

ఆ తరవాతి సెలవునాడు మళ్ళీ గుడ్డు ఇచ్చాడు. ఈసారి ఖాళీ పౌడరు డబ్బాలో దూది పరిచి, గుడ్డు అందులో పెట్టి, మూత బిగించి, డబ్బాను నా నడుముకు గుడ్డపీలికతో కట్టాడు. ఆడాను, దూకాను, జామచెట్టు కూడా ఎక్కి దిగాను. సాయంత్రం మూత తీస్తే గుడ్డు చెక్కుచెదరలేదు. ఎగిరి గంతేశాను. నాన్న నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని, అన్నం తినేటప్పుడు గుడ్డు గుర్తుందా అని అడిగాడు. లేదన్నాను. చెట్టెక్కేటప్పుడు? లేదు. డబ్బాలో ఉంది కదా నాన్నా, ఇంకెందుకు గుర్తుండడం అన్నాను గొప్పగా.

"చూశావా. డబ్బా గుడ్డును కాపాడింది. నీకు మరుపు రాకుండా మాత్రం కాపాడలేదు. నాకు నిన్నటి గుడ్డు కంటే ఈ గుడ్డంటేనే భయం" అన్నాడు నాన్న. నిన్నటిది కాదు, పోయిన వారానిది. నేను తప్పు దిద్దాను కూడా.

అప్పుడు చెప్పాడు, ఆయన స్నేహితుడి సంగతి. మఫ్టీలో డ్యూటీకి వెళ్తూ, ఒర అయితే చొక్కా కింద ఉబ్బెత్తుగా కనపడుతుందని, రివాల్వరు ఊరికే నడుముకి దోపుకున్నాడట. ఇంటికొచ్చాడు. కూతురు ఎదురు పరిగెత్తుకొచ్చింది. వంగి ఎత్తుకున్నాడు. నాన్న అంతకు మించి చెప్పలేదు. ఆ పాప ఉంటే నాకంటే ఏడాది పెద్దదై ఉండేదని మాత్రం అన్నాడు. ఒర లేకుండా మారణాయుధం ఒంటి మీద పెట్టుకునేవాడు మూర్ఖుడు. ఒర ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాడు ఇంకా మూర్ఖుడు. అందుకే ఇంట్లో అడుగుపెట్టాక ముందు దాన్ని ఒంటినుంచి దించాలి, ఆ తరవాతే పిల్లల్ని దగ్గరికి తీసుకోవాలి. అదీ ఆయన పాఠం. ఆరోజునుంచి ట్రంకుపెట్టె తాళం చప్పుడు కోసం నేను ఆశగా ఎదురుచూసేదాన్ని.

ఇదంతా అరవై ఏళ్ళ కిందటి మాట. ఇప్పుడు నేను అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్‌లో, మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మా అల్లుడు మంచివాడు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాదే, పక్క కమ్యూనిటీలో మనవాళ్ళింట బంగారం కోసం దొంగలు పడ్డారు. ఆ ఇంటావిడ వారం రోజులు మా అమ్మాయికి ఫోన్ చేసి ఏడ్చింది. ఆ తరవాతే అల్లుడు పిస్టల్ కొన్నాడు. షార్ట్స్ జేబులో తాళాలతో పాటు పడేసుకునేవాడు, లేకపోతే వెనక నడుముకి దోపుకునేవాడు. గుచ్చుకుంటోందని ఎక్కువ రోజులు కారులోనే వదిలేసేవాడు. నాకు గుండెల్లో రాయి పడింది. కానీ అల్లుడి ఎదుట గట్టిగా మాట్లాడడం తప్పని నమ్మి పెరిగిన తరం మాది. అమ్మాయితో అన్నాను. "అమ్మా, ఇక్కడ ఇదంతా కామన్. రేపు నిజంగా ఎవడైనా వస్తే నేనూ పిల్లా ఏం చేస్తాం? నువ్వు టెన్షన్ పడకు ప్లీజ్" అంది. మా అమ్మాయి భయం అబద్ధం కాదు.

ఆ శ్రావణంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. హాలు నిండా జనం, ఆడవాళ్ళ ఒంటి నిండా నగలు, బయట గుట్టగా చెప్పులు. దారినపోయే ఎవరికైనా లోపల ఏముందో తెలిసిపోతుందని అల్లుడి భయం. అందుకని పీటల మీద కూర్చునేటప్పుడు కూడా పిస్టల్ ఒంటి మీదే ఉంచుకున్నాడు. పంచెకి దోపుకుని. అదీ ఈమధ్య వచ్చిన, అంటించుకుని కట్టుకునే రెడీమేడ్ పంచెకి. పైన లాల్చీ ఉంది కనుక ఎవరికీ కనపడలేదు. పంతులుగారు ఆత్మప్రదక్షిణ చేయమన్నారు. అల్లుడు తన చుట్టూ తాను తిరిగి, సాష్టాంగపడబోయాడు. పంచె అంటు ఊడింది. పిస్టల్ జారి, మంటపం పక్కన అరటి పిలక దగ్గర పడింది.

అక్కడే కూర్చున్న నా మనవరాలు, ఆరేళ్ళది, లేచి దాన్ని రెండు చేతులతో ఎత్తింది. గొట్టం దాని పొట్టవైపే ఉంది. "డాడీ, నీది పడింది. ఇదిగో" అంది, బుద్ధిమంతురాలు. కింద పడింది తీసి ఇవ్వాలని దానికి నేర్పింది మేమే.

అల్లుడు మెల్లిగా తీసుకున్నాడు. లోపల తూటా ఎక్కించే ఉందని తరవాత తెలిసింది. ఆ పూట ఎవరైనా ఇది ఇంట్లోంచి పోవాలి అంటారని నేను ఎదురుచూశాను. ప్రసాదాలయ్యాక మగవాళ్ళు గరాజ్‌లో చేరారు. ఏ మోడల్ అని ఒకరు, అంత మంచి ధర ఎక్కడ దొరికిందని ఒకరు. "బ్రో, అందుకే హోల్‌స్టర్ లేకుండా క్యారీ చేయొద్దని నేను మొదట్నుంచీ చెప్తున్నా" అని ఒకతను తన ఒర తీసి చూపించాడు. నేను పులిహోర గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అంత చదువుకున్న పిల్లలు అందరూ ఒకేలా మాట్లాడుతుంటే, ఇక ఈ ఇంట్లో నా మాటకి చోటు లేదని తెలిసిపోయింది.

అల్లుడితో నేరుగా అనలేని మాట మనవాళ్ళు పిల్లలతో చెబుతున్నట్టు చెప్పి ఆయన చెవిన వేస్తారు. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అలాగే చేశాను. శనివారం పొద్దున అల్లుడు ఆమ్లెట్ తింటుంటే, మనవరాల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని గుడ్డు కథ మొదలుపెట్టాను. కాస్త గట్టిగానే చెప్పాను. పావడా అంతా సొన అయిన దగ్గర అల్లుడు నవ్వాడు కూడా. వింటున్నాడని నా ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా డబ్బా దగ్గరికి వచ్చేసరికి ఫోన్ మోగింది. "సారీ అత్తయ్యగారూ, ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ" అంటూ పైకి వెళ్ళిపోయాడు. మిగతా కథ మనవరాలు ఒక్కతే వింది.

రెండు రోజుల్లో పార్సిల్ వచ్చింది. గట్టి ప్లాస్టిక్ ఒర, పిస్టల్ ఆకారానికి అచ్చు పోసినట్టుంది, ట్రిగ్గర్ పూర్తిగా కప్పేస్తుంది, బెల్టుకి పట్టేస్తుంది. అల్లుడు దాన్ని ప్రత్యేకంగా నా దగ్గరికి తెచ్చి చూపించాడు. "మీ స్టోరీ విన్నాకే ఆర్డర్ చేశా అత్తయ్యగారూ. ఇంక గుడ్డు పగలదు." చేతులు కాలకముందే ఆకులు పట్టుకున్నాడు కదమ్మా, సంతోషించు అంది మా అమ్మాయి. మిగతా సగం కథ చెప్పకుండానే, బాగుంది బాబూ అన్నాను.

ఇప్పుడు గుచ్చుకోవడం లేదు కనుక కారులో వదలడం లేదు. గ్రోసరీకి, పార్కుకి, పిల్ల బర్త్‌డే పార్టీలకి, సోఫాలో పిల్లతో కుస్తీ పట్టేటప్పుడు కూడా నడుము మీదే ఉంటోంది. మొన్న ఒకరోజు పప్పు వడ్డిస్తూ, ఇబ్బందిగా లేదా బాబూ అని అడిగాను. అంతకు మించి అడిగే ధైర్యం నాకెప్పటికీ రాదు.

"అస్సలు లేదు అత్తయ్యగారూ. నిజం చెప్పాలంటే ఉన్నట్టే తెలియట్లేదు" అన్నాడు సంతోషంగా.

ఇంకో గరిటె పప్పు వేశాను. మా నాన్న దేనికి భయపడ్డాడో అది ఈ ఇంట్లో నవ్వుతూ అన్నం తింటోంది. నేను దానికి వడ్డిస్తున్నాను.

సాయంత్రం గరాజ్ తలుపు లేచిన చప్పుడు వినగానే నా మనవరాలు ఇదివరకు ఈ చివరనుంచి ఆ చివరకు పరిగెత్తేది. ఇప్పుడు కొన్ని అడుగులు వేసి ఆగిపోతుంది. చేతులు వెనక్కి పెట్టుకుని, "డాడీ, గుర్తుందా?" అని అడుగుతుంది. అల్లుడు అది ఏదో ఆట అనుకుంటాడు. రెండు చేతులూ చాచి, "ఏం గుర్తుండాలి బంగారం? కమ్, గివ్ మీ ఎ హగ్" అంటాడు. పిల్ల నా వైపు చూస్తుంది. వెళ్ళమనలేను, వద్దనలేను. ట్రంకుపెట్టెకు తాళం పడిన చప్పుడు, ఆ తరవాత "పిల్లలూ, ఇక రండి" అన్న మా నాన్న పిలుపు నా చెవుల్లో ఇంకా ఉన్నాయి. ఆ చప్పుడు కోసం ఈ ఇంట్లో మేమిద్దరం రోజూ కాసేపు నిలబడి ఎదురుచూస్తాం. అది రాదు. తండ్రి అలా చేతులు చాచే నిలబడతాడు, చివరికి పిల్లే వెళ్తుంది.